అరవై రెండు జతలు

కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో హాల్లోకి అడుగుపెట్టగానే ఎడమవైపు గోడంతా బూట్ల అలమరే. ముప్పై నాలుగు జతలు. కొన్ని ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి, పక్కన తేమ పీల్చే సిలికా పొట్లాలతో. కొన్నిటిని నెలకోసారి బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టడం తప్ప తొడిగింది లేదు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా ఎక్కదు. కిందటేడు కంటి ఆపరేషన్ కోసం బాపు గోదావరిఖని నుంచి వచ్చి పది రోజులు మా దగ్గరే ఉన్నాడు. ఒకరోజు అలమర తలుపులు తీసి, వేలు పెట్టి ఒక్కో అర లెక్కపెట్టాడు.

"ముప్పై నాలుగేనా? నాయి గింతకు డబులు అయితయి గదరా," అన్నాడు.

నవ్వేశాను. బాపు కాళ్ళకి ఒకసారికి ఒక్క జత కంటే ఎక్కువ ఉండగా నేనెప్పుడూ చూడలేదు. రాత్రి పడుకున్నాక లెక్క తట్టింది. 1984లో బాయిలో చేరాడు, 2015లో దిగిపోయాడు. (మా దగ్గర గనిని బాయి అనే అంటారు, అంటే బావి. నీళ్ళకోసం తవ్వినా బొగ్గుకోసం తవ్వినా ఒకటే మాట.) ముప్పై ఒక్క ఏళ్ళు, ఆరు నెలలకో జత. అరవై రెండు. డబులుకి ఆరు తక్కువ.

ఆ ఆరు నెలల లెక్క బాపు సొంతంగా కట్టింది కాదు. 1957 నాటి బొగ్గు గనుల రెగ్యులేషన్లలో 191వది పాదరక్షల గురించి. చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్న రకం రక్షణ బూట్లు వేసుకోకుండా ఎవ్వరూ గనిలోకి పోకూడదు, ఎవర్నీ పోనివ్వకూడదు. ఆ బూట్లు యజమాని ఉచితంగా ఇవ్వాలి. మామూలుగా ఆరు నెలలు మించకుండా కొత్తవి ఇవ్వాలి. అడిగిన వెంటనే ఇచ్చేలా ఎప్పుడూ నిల్వ ఉంచుకోవాలి. ఇంకో మాట కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైంది: బూట్లు శుభ్రం చేసుకోవడానికి గనిలో తగినచోట ఏర్పాట్లుండాలి. 2017లో ఈ రెగ్యులేషన్ల స్థానంలో కొత్తవి వచ్చాయి. కానీ బాపు సర్వీసు మొత్తం ఆ 1957 పుస్తకం కిందే గడిచింది.

చట్టాల భాషలో కవిత్వం వెతికే అలవాటు నాకు లేదు. అయినా ఈ నియమాన్ని మొదటిసారి చదివినప్పుడు కాసేపు ఆగిపోయాను. ఒక మనిషి కాళ్ళ గురించి రాజ్యం ఇంత వివరంగా ఆలోచించడం కరీంనగర్ జిల్లా చరిత్రలో చిన్న విషయం కాదు. అది చెప్పాలంటే మా తాత దగ్గరికి వెళ్ళాలి.

తాతకి ఒక జత తోలు చెప్పులుండేవి. ఊళ్ళో దొర గడీ ముందునుంచి పోవాల్సి వస్తే వాటిని విప్పి చేతిలో పట్టుకునేవాడు. గడీ దాటాక మళ్ళీ తొడుక్కునేవాడు. ఇది మా తాత ఒక్కడి కథ కాదు, తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళని ఎవరిని కదిలించినా చెప్తారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం గురించి 1972లో తెచ్చిన పుస్తకంలో వెట్టి ఎన్ని రకాలో వరసగా రాశాడు. అందులో తోలుపని చేసే దళితులు దేశ్‌ముఖులకీ భూస్వాములకీ చెప్పులూ వ్యవసాయానికి కావాల్సిన తోలు సామాన్లూ ఊరికే ఇచ్చుకోవాల్సి రావడం కూడా ఉంది. అంటే చెప్పు కుట్టినవాడు ఆ చెప్పు దొర కాలికి ఉచితంగా తొడగాలి, తన కాలికున్నది మాత్రం ఆ దొర ముందు విప్పాలి. తెలుగులో చెప్పు చుట్టూ అన్ని తిట్లు ఎందుకున్నాయో వేరే చెప్పక్కర్లేదు. చెప్పు అనేది మా భాషలో ఎప్పుడూ కాలికి ఉండే వస్తువు మాత్రమే కాదు, అది ఎవరి స్థానం ఎక్కడో చెప్పే గుర్తు.

ఆ గడీలున్న నేల కిందే బొగ్గు ఉంది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో లండన్ పెట్టుబడితో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ అనే పేరు పుట్టింది. 1945లో నిజాం ప్రభుత్వం పెద్దవాటా కొనేసింది. ఖనివైపు బాయిలు 1960ల నాటివి, బెల్లంపల్లి, కొత్తగూడెం తర్వాతివి. 1957 నాటికి ఈ నేలలో బొగ్గు తవ్వడం మొదలై అరవై ఎనిమిదేళ్ళు. మూడు తరాలు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర. ఆ తర్వాత మా వైపు చాలా ఊళ్ళలో దొరలు గడీలకి తాళాలేసి పట్నం పోయారు. ఆరేళ్ళకి బాపు బాయిలో కోల్ ఫిల్లర్‌గా చేరాడు. స్టోర్‌లో సంతకం పెట్టించుకుని నల్ల బూట్లు చేతికిచ్చారు. మా ఇంట్లో కాలిని పూర్తిగా కప్పే పాదరక్ష అదే మొదటిది. తండ్రి విప్పాల్సిన చోటికి పది పదిహేను మైళ్ళ దూరంలో, కొడుకు వేసుకోకపోతే లోపలికే రానివ్వని చోటు. ఒక తరంలో అంత తేడా. దీన్ని నేను విముక్తి అనను. బూట్లిచ్చింది నేల కిందికి పంపడానికి, గౌరవించడానికి కాదు. కానీ బాపు ఆ మొదటి జతతోనే సెలవుకి ఊరికి పోయాడట. గడీ ముందునుంచి, మెల్లగా. అప్పటికి అందులో పావురాలు తప్ప ఎవరూ లేరు.

ఇంక్లైన్ అంటే ఏటవాలు సొరంగం. లిఫ్టు ఉండదు, తాడు మీద టబ్బులు నడుస్తుంటాయి, మనుషులు దిగేది చాలాచోట్ల నడిచే. కింద పట్టాలు, స్లీపర్లు, టబ్బుల్లోంచి జారిపడ్డ బొగ్గు పెళ్ళలు, బురద, కొన్నిచోట్ల పిక్కల దాకా నీళ్ళు. తలకి క్యాప్‌ల్యాంప్ వెలుగు చూపినంతే చూపు. అందులో కాలే ముందు చూస్తుంది, కన్ను తర్వాత చూస్తుంది అంటాడు బాపు. జార్జ్ ఆర్వెల్ 1936లో ఇంగ్లండ్‌లోని విగన్ ప్రాంతంలో గనులు దిగి చూసి రాసిన పుస్తకంలో నన్ను ఆపింది ఈ నడకే. బొగ్గు కొట్టేచోటికి వంగి వంగి చేరేసరికే అతనికి ఒళ్ళు హూనమైంది. పనివాళ్ళకి ఆ నడకకి కూలీ లేదు. వేడిగా ఉండే గనుల్లో వాళ్ళ ఒంటిమీద దాదాపు ఏమీ ఉండదు, కాళ్ళకి చెక్క అడుగున్న క్లాగులూ మోకాళ్ళకి తోలు తొడుగులూ తప్ప. బట్టలు లేకపోయినా పర్వాలేదు, పాదరక్ష లేకపోతే కుదరదు.

ఇక నా జతల సంగతి. అన్నీ చెప్పను, చాలావరకు నాకు తప్ప ఎవరికీ ఆసక్తి ఉండదు. రెండు మూడు మాత్రం.

మొదటిది నల్ల కాన్వాస్ కన్వర్స్. ఆల్ స్టార్ 1917లో బాస్కెట్‌బాల్ కోసం వచ్చింది, 1930ల్లో దాని గుండ్రటి ముద్ర మీద చక్ టేలర్ సంతకం చేరింది. పైన నూలుగుడ్డ, కింద రబ్బరు, రెంటినీ వేడితో అతికించడం. ఈ అతుకు వెనక 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరుని వేడి పొయ్యి మీద పడేసుకున్న కథ ఉంది. పచ్చి రబ్బరు ఎండకి జిగురైపోతుంది, చలికి పెళుసైపోతుంది. గంధకంతో ఉడికితే స్థిరపడుతుంది. స్నీకర్ అనే వస్తువు మొత్తం ఆ ఒక్క రసాయన చర్య మీద నిలబడి ఉంది. ఇదంతా నేను మిత్రులకి గంటలు గంటలు చెప్పేవాణ్ణి. ఒకరోజు మన బీఐఎస్ ప్రమాణాల జాబితా తిరగేస్తుంటే ఐఎస్ 3976 కనిపించింది. గనికార్మికుల కోసం రబ్బరు-కాన్వాస్ రక్షణ బూట్లు. తోలు బూట్లకి ఐఎస్ 1989 మొదటి భాగం, అది కూడా పేరుపెట్టి గనికార్మికులకే. వేల రూపాయలు పోసి కొన్న నా కాన్వాస్ బూటుకి నేల కింద పనిచేసే దాయాది ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఒకటి సినిమాల్లోకి, రాక్ సంగీతంలోకి పోయింది. ఇంకోటి స్టోర్ రిజిస్టర్‌లోకి.

రెండోది డాక్టర్ మార్టెన్స్. 1960 ఏప్రిల్ 1న ఇంగ్లండ్‌లో తయారైంది కాబట్టి దాని పేరే 1460. మొదట వేసుకుంది పోస్ట్‌మెన్లూ ఫ్యాక్టరీ కార్మికులూ, తర్వాత పీట్ టౌన్షెండ్ లాంటి సంగీతకారులు వేసుకున్నాక ఫ్యాషన్. బూట్ల చరిత్రలో ఈ దారి ఎప్పుడూ ఒకవైపే నడుస్తుంది: పనివాడి కాలి నుంచి పాటగాడి కాలికి, అక్కణ్ణుంచి నాలాంటివాడి అలమరకి. జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల బంగారు గనుల్లో నల్లజాతి కార్మికులు గమ్‌బూట్లని చేతులతో చరుస్తూ, నేలకి కొడుతూ ఒక నాట్యమే పుట్టించారు. 1986లో పాల్ సైమన్ ఆల్బమ్‌లో 'గమ్‌బూట్స్' పేరుతో పాటే వచ్చింది. మా బాయి బూట్లకి అలాంటి అదృష్టం పట్టలేదు. పోనీ మా రచయితలేమైనా పట్టించుకున్నారా అని ఆలోచిస్తే, అల్లం రాజయ్య, పి.చందు సింగరేణి జీవితాన్ని సాహిత్యంలోకి తెచ్చారు, అది చిన్న పని కాదు. కానీ ఆ దశకాల విప్లవ సాహిత్యంలో మొత్తంగా చూస్తే బూటు అంటే పోలీసు. అర్ధరాత్రి బూట్ల చప్పుడు, తలుపు మీద బూటు కాలు. 1990ల ఖనిలో పెరిగినవాడిగా అది అబద్ధమని అనను. కాకపోతే మా ఇంట్లో అర్ధరాత్రి బూట్ల చప్పుడంటే సెకండ్ షిఫ్ట్ దిగి బాపు వచ్చాడని. రెండు చప్పుళ్ళకీ తేడా మా వీధి కుక్కలకి కూడా తెలుసు.

మూడోది అడిడాస్. నాలుక వెనక లేబుల్ మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంది. నెల్లూరు దాటాక తమిళనాడు సరిహద్దులో తడ దగ్గర అపాచీ అనే కంపెనీ అడిడాస్‌కి బూట్లు చేస్తుంది, పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. నా జత అక్కడిదే కావచ్చు. ఆ బూట్లు కుట్టిన చేతులు తెలుగు చేతులై ఉండొచ్చన్న ఆలోచన వచ్చినప్పటినుంచి దాన్ని 'కలెక్షన్' అనడానికి కొంచెం నోరు రావట్లేదు. అయినా తీసేయలేదు. బావుంటుంది మరి.

ఇప్పుడు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 2007లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మొదటేడు వర్క్‌షాప్ క్లాసుకి బూట్లు తప్పనిసరి అన్నారు. బాపుకి అప్పుడే కొత్త జత వచ్చింది. నాకిచ్చేశాడు, తను పాతవాటితో ఇంకో ఆరు నెలలు నెట్టుకొచ్చాడు. బాపుది ఎనిమిది సైజు, నాది తొమ్మిది. "సరిపోయినయా?" అంటే "సరిపోయినయి బాపూ" అన్నాను. వేళ్ళు మడిచి నడిచేవాణ్ణి. నొప్పి ఓర్చుకున్నా గానీ, ఫిట్టింగ్ సెక్షన్‌లో ఒకడు నా కాళ్ళకేసి చూసి "ఏంరా, నైట్ షిఫ్టా?" అన్నాడు. వాడూ కోల్‌బెల్టు వాడే, మందమర్రి. అందుకే గుర్తుపట్టాడు, అందుకే అంత లోతుకి దిగింది. ఆ వారమే మెస్సు డబ్బుల్లోంచి తీసి నకిలీ స్పోర్ట్స్ షూస్ కొన్నాను. బాయి బూట్లు నాలుగేళ్ళూ హాస్టల్ మంచం కింద ఉన్నాయి. ఖాళీ చేసేటప్పుడు అక్కడే వదిలేశాను. నా బూట్ల పిచ్చి ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే మైకేల్ జోర్డాన్ అని చెప్తుంటాను. కాదు, ఇక్కడ.

వాన్ గో 1886లో పారిస్‌లో ఒక జత పాత బూట్లు గీశాడు. అంతకు ముందు, 1878 చివరినుంచి, బెల్జియంలోని బొరినాజ్ బొగ్గుగనుల మధ్య మతబోధకుడిగా తిరిగినవాడు. ఆ బొమ్మ చూసి హైడెగర్ 1930ల్లో అది ఒక రైతు స్త్రీ బూట్లజత అనీ, అందులో పొలమూ శ్రమా నేల పిలుపూ కనిపిస్తున్నాయనీ పేజీలకి పేజీలు చెప్పాడు. 1968లో మేయర్ షాపిరో అడ్డం తిరిగాడు: అవి పట్నంలో ఉన్న మగవాడివి, చిత్రకారుడి సొంత బూట్లే, తత్త్వవేత్త తన ఊహని బొమ్మలోకి తోశాడు అని. పదేళ్ళకి దెరిదా వచ్చి ఇద్దరూ ఆ బూట్లని ఎవరో ఒకరి కాళ్ళకి తొడిగేయాలని ఎందుకు అంత ఆత్రపడుతున్నారని అడిగాడు. అసలవి ఒకే జతేనా అని కూడా. చదివినప్పుడు దెరిదా పక్షాన ఉన్నాను, ఆ వయసులో అందరూ ఉంటారు. ఇప్పుడు ఆ ముగ్గుర్లో ఎవరి పక్షమూ కాదు. మా ఇంట్లో ఆ చర్చకి చోటు లేదు. బాపు తన బూట్ల నాలుక లోపల తెల్ల పెయింటుతో టోకెన్ నంబర్ రాసుకునేవాడు, బాత్‌రూముల దగ్గర మారిపోకుండా. ఎవరి బూట్లన్నది తత్త్వశాస్త్రానికి సమస్య అయ్యేది వేసుకున్నవాణ్ణి అడగలేనప్పుడే.

అడగలేని రోజులూ వస్తాయి. 2003 జూన్ 16న జీడీకే-7ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్ళు చొరబడి 17 మంది చనిపోయారు. అదే ఏడు అక్టోబర్‌లో 8ఏలో పైకప్పు కూలి పదిమంది. నాకు పదమూడేళ్ళు. జూన్‌లో బడులు తెరిచిన వారం, నాకు కొత్త తెల్ల కాన్వాస్ బూట్లు, వాటికి సుద్ద పూస్తూ గుమ్మంలో కూర్చున్నప్పుడు వీధిలో పరుగులు మొదలయ్యాయి. బాపు వేరే బాయి, ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. అయినా మా అమ్మ లోపలినుంచి వచ్చి ముందు చూసింది గుమ్మం పక్కన బాపు బూట్లు ఉన్నాయా అని. పక్కింటావిడ కూడా తన గుమ్మం చూసుకుంది. ఆ లైన్‌లో ఇళ్ళన్నిటికీ గుమ్మం పక్కన బూట్ల జాగా ఉంటుంది. బూట్లుంటే మనిషి పైన ఉన్నట్టు, లేకపోతే కింద. ఆ తర్వాత చాలా రోజులు బడికి పోతూ గుమ్మాలు చూసుకుంటూ పోయేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది.

ఇప్పుడు ఖనిలో ఆ దృశ్యం పలచబడింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగులు ఇవాళ నలభై వేల దగ్గర ఉన్నారు. బొగ్గులో చాలాభాగం ఓపెన్‌కాస్ట్‌దే, డంపర్లూ షావెళ్ళూ. నేల కిందికి నడిచి దిగే కాళ్ళు తగ్గాయి. తగ్గడం మంచిదే అని నేనంటే బాపు ఒప్పుకుంటాడు, మరుక్షణం "మరి పోరగాండ్లకు పని?" అంటాడు. నా దగ్గర జవాబు లేదు.

అరవై రెండు జతల్లో మిగిలింది ఒక్కటే, ఆఖరిది. రిటైర్మెంటుకి కొన్ని నెలల ముందు ఇచ్చింది. మిగతావన్నీ అరిగాయి, లేదా ఊళ్ళో చిన్నాయన పొలం గట్లమీద అరిగాయి. ఈ జతని అమ్మ సజ్జ మీద పడేస్తే రెండేళ్ళ కింద నేను హైదరాబాద్ తెచ్చుకున్నాను. అలమరలో పైనుంచి రెండో అరలో, కన్వర్స్ పక్కన పెట్టాను. కుడి బూటుకి లేసు లేదు, బాపు దాంతో కాకర తీగ కట్టాడు. నేను నారింజరంగు లేసు ఒకటి ఎక్కించాను.

ఇంకో సంగతి, ఈ మధ్యే జరిగింది. పదమూడేళ్ళుగా డబ్బాలో దాచిన నా బాస్కెట్‌బాల్ జత ఒకటి, అన్నిటికంటే ఖరీదైంది, బయటికి తీసి కింద పెడితే మడమ దగ్గర అడుగు బెల్లం అచ్చులా విరిగిపోయింది. పాలీయురెథేన్ అడుగులకి గాల్లో తేమే శత్రువు. అప్పుడప్పుడూ వేసుకుంటే ఆ తేమ కొంతైనా బయటికి పోతుందంటారు, దాచిపెడితే లోపల్లోపల పొడైపోతాయి. ముక్కలు చేత్తో పట్టుకుని కూర్చుంటే బాపు పక్కన చేరి, నల్ల కళ్ళద్దాల్లోంచి వాటిని చూసి, ఏమీ అనకుండా లేచిపోయాడు.

మర్నాడు పొద్దున రెండో అర ఖాళీగా ఉంది. బాల్కనీలో బాపు కింద కూర్చుని ఆ నల్ల బూట్లకి పాత బనీను గుడ్డతో కొబ్బరినూనె పట్టిస్తున్నాడు. నారింజ లేసు పీకి పక్కన పెట్టాడు.

"తోలు ఊకనే పెడ్తె పగుల్తది. అప్పుడప్పుడు తొడుగు," అన్నాడు.

"నాకు పట్టయి బాపూ. ఎనిమిది సైజు."

గుడ్డ ఆపి నా కాళ్ళకేసి చూశాడు.

"మరి గప్పుడు సరిపోయినయన్నవ్?"